గోపమ్మ చూసొచ్చిన జాగా

గోపమ్మకు భయం కలిగించనిదంటూ ఈ లోకంలో ఏదీ లేదు. ఉరిమితే చెవులు మూసుకునేది, కుక్క కనబడితే వేరే వీధిలోంచి పోయేది, చేదబావి దగ్గర నీళ్లు కూడా పక్కావిడే తోడిపెట్టాలి. నలభై ఏళ్లు వచ్చినా ఆ బుగులు తగ్గలేదు. మక్తల్‌కు దక్షిణాన, కృష్ణకు రెండు కోసుల దూరంలో ఉన్న ఆ చిన్న ఊళ్లో పొద్దుపోని వాళ్లందరికీ ఆమే కాలక్షేపం.

అది నలభై ఎనిమిది వానాకాలం. రజాకార్లు పక్క ఊరి మీద పడి ఇళ్లు తగలబెట్టారనీ, ఆడవాళ్లను ఈడ్చుకుపోయారనీ పొద్దున్నే కబురొచ్చింది. అక్కణ్ణుంచి తప్పించుకుని వచ్చిన ఒకామె చావడి ముందు కూలబడింది. ఆమె ముఖం చూశాక ఊరంతటికీ కాళ్లూ చేతులూ ఆడలేదు. మొగవాళ్లు గొడ్డూగోదా కాచుకుని ఊళ్లోనే ఉండాలనీ, ఆడవాళ్లనూ పిల్లలనూ కృష్ణ నడుమ ఉన్న గడ్డ మీదికి చేర్చాలనీ పటేలు కాటమయ్య తేల్చాడు. అయితే ఆ గడ్డ మీద ఎక్కడ దిగాలి? సత్రం ఉందని కొందరు, చేపలవాళ్ల గుడిసెలు నయమని కొందరు. ఎవరో ఒకరు ముందు వెళ్లి జాగా చూసి రావాలి.

కాటమయ్య నేరుగా గోపమ్మ గుమ్మంలోకి వచ్చాడు.

"నువ్వే పోయి రావాలె, గోపమ్మా."

ఆమె మొగుడు పెద్దులు తెల్లబోయాడు. "గీమెనా, పటేలా? పిట్ట ఎగిరితేనే ఉలికిపడ్తది గద!"

"గందుకే. ధైర్నమున్నోడు పోతే అంత మంచిగనే ఉందని వస్తడు. బుగులున్నామెకు అన్నీ కనవడ్తయి."

గోపమ్మ ఏడ్చింది, మొత్తుకుంది, చివరికి బయల్దేరింది. చావడి ముందు కూలబడ్డ ఆ మనిషి ఇంకా కళ్లలోనే ఉంది. నది దాటించే ఎల్లయ్య పుట్టి అంటే తోలు కప్పిన గుండ్రటి బుట్టే కదా, ఎర్రటి వరద నీటి మీద అది గిరగిరా తిరుగుతుంటే ఆమె రెండు చేతులా ఎల్లయ్య కాలు పట్టుకుని కళ్లు మూసుకుంది. నది దాటేదాకా కాలు వదలలేదు, పాపం ఆ మనిషి ఒంటికాలి మీదే తెడ్డు వేశాడు.

సత్రం చూడముచ్చటగా ఉంది. రాతిగోడలు, ఊడ్చిన నేల, లోపలే బావి. "నలబై మంది కాళ్లు సాపుకొని పండుకోవచ్చమ్మా," అన్నాడు దాన్ని చూసుకునే ముసలాయన. గోపమ్మ మూలమూలా తిరిగింది. తలుపు ఒక్కటే. ఆ తలుపు బయట తుపాకి పట్టుకుని ఒకడు నిలబడితే లోపలివాళ్ల గతేమిటి? పైగా, తాను వచ్చి పలకరించేదాకా ముసలాయనకు మనిషి వచ్చిన సంగతే తెలియలేదు. ఆమె గబగబా బయటికి వచ్చేసింది. చేపలవాళ్ల గుడిసెల దగ్గర అంతసేపు కూడా నిలవలేదు. అక్కడి తుమ్మచెట్టుకు తన తలకంటే ఎత్తున పాత వరద చెత్త వేలాడుతోంది.

మిగిలింది మెరక మీద, ఆ గడ్డ మీదే కాపురముండే గుర్వమ్మ పశువుల కొట్టం. ఒడ్డునున్న పలుగురాళ్ల దిబ్బ కూడా దాటకముందే రెండు కుక్కలు మొరుగుతూ మీదికొచ్చాయి. గోపమ్మ పైప్రాణాలు పైనే పోయాయి. అక్కడే కూర్చుండిపోయింది.

గుర్వమ్మ కట్టె పట్టుకుని వచ్చి వాటిని అదిలించింది. "కరవయి సెల్లె. కొత్త మనిషి ఒడ్డున కాలు పెడితే సాలు, గిట్లనే లొల్లి."

ఊపిరి కుదుటపడ్డాక గోపమ్మ తల తిప్పి చూసింది. కొట్టానికి రెండు వైపులా దారి. వెనక మనిషెత్తు జొన్నచేను.

"పాములున్నయా అక్కా?"

"ఉన్నయి. అబద్దమెందుకు?"

గోపమ్మ కొంగు నోట్లో కుక్కుకుని కాసేపు ఏడ్చింది. తర్వాత ముక్కు తుడుచుకుని, "గీడికే వస్తం," అంది.

మర్నాడు ముప్పై ఎనిమిది మంది ఒడ్డుకు చేరారు. నదిని చూడగానే అందరూ బిగుసుకుపోయారు. గోపమ్మ ఎక్కితేనే ఎక్కుతామని పట్టుబట్టారు. నాలుగు విడతలుగా దాటాలి. విడత విడతకూ ఆమె ముందుగా ఎక్కి కూర్చుంది, వాళ్లను దింపింది, మళ్లీ వెనక్కి వచ్చింది. చూడబోయినప్పటి రాకపోకలతో కలిపి తొమ్మిదిసార్లు కృష్ణను దాటింది. ఒక్కసారి కూడా కళ్లు తెరవలేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం కుక్కలు మొరిగాయి. గోపమ్మే ముందు లేచింది. తిడుతూ, తోస్తూ అందరినీ జొన్నచేలోకి తరిమింది. రెండు పుట్ల నిండా తుపాకులవాళ్లు దిగి, తిన్నగా సత్రం మీదికే పోయారు. ముసలాయన అరుపులు చేలోకి వినిపించాయి. తర్వాత బూట్ల చప్పుడు కొట్టం దాకా వచ్చింది. బోర్లా పడుకున్న గోపమ్మ పిక్క మీదుగా చల్లగా ఏదో పాకిపోయింది. ఆమె నోట్లో మట్టి కుక్కుకుంది. అరవలేదు. కొట్టంలో పశువులూ గుర్వమ్మా తప్ప ఎవరూ కనబడక వాళ్లు వెళ్లిపోయారు.

కొన్నాళ్లకు సైన్యం వచ్చిందనీ, నిజాం లొంగిపోయాడనీ తెలిసింది. ఆడవాళ్లు నవ్వుకుంటూ పుట్లెక్కి ఇళ్లకు పోయారు. చివరి పుట్టిలో గోపమ్మ ఒక కాలు పెట్టి, వెంటనే తీసేసింది.

"తొమ్మిదిసార్లు దాటితివి గదమ్మా!" అన్నాడు ఎల్లయ్య.

"అప్పుడు ఆల్లుండిరి. ఒక్కదాన్ని నాతోని గాదు."

పెద్దులు వచ్చి బతిమాలాడు. ఎత్తి కూర్చోబెడతానన్నాడు. ఆమె గడగడలాడుతుంటే చూడలేక ఊరుకున్నాడు. గోపమ్మ గుర్వమ్మ కొట్టంలో పేడ ఎత్తుతూ అక్కడే ఉండిపోయింది. దసరా పోయింది, చలికాలం పోయింది. ఊళ్లో మాత్రం ఆమె పేరెత్తి ఎవరూ నవ్వలేదు.

ఎండాకాలంలో కృష్ణ చిక్కి, నడవడానికి దారిచ్చింది. ఒకరోజు పొద్దున గోపమ్మ ఒడ్డుకు వచ్చి చూసేసరికి, వచ్చింది పెద్దులు ఒక్కడే కాదు. ఊరి ఆడవాళ్లంతా మోకాలి లోతు నీళ్లలో, ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డు దాకా బారుగా నిలబడి ఉన్నారు.

"దిగు గోపక్కా," అని ముందున్నామె చెయ్యి చాపింది.

"బుగులైతాంది."

"మాకు గాలేదా గప్పుడు? నువ్వు ముందు కూసున్నవని ఎక్కినం."

గోపమ్మ వణుకుతూనే నీళ్లలో కాలు పెట్టింది. ఈసారి కళ్లు మూసుకోలేదు.