పేరు అడగని అమ్మమ్మ

కెనడాలోని మిస్సిసాగాలో మా పక్కింటి పెద్దావిడకు అప్పటికే తొంభై దాటాయి. ఇప్పటి మలేషియా, అప్పటి మలయా రబ్బరు తోటల్లో పుట్టి పెరిగిన తెలుగావిడ. ఆ ఏళ్లలో ఆ ఊళ్లో ఎటు చూసినా మన దేశం నుంచి చదువుకోవడానికి వచ్చిన విద్యార్థులే. ఆవిడ బేస్‌మెంటులోనూ నలుగురు అమ్మాయిలు అద్దెకు ఉండేవారు. సూట్‌కేసులతో దిగిన ఏ అమ్మాయి పరిచయం చేసుకోబోయినా ఆవిడ చేయి అడ్డం పెట్టేవారు.

"పేరొద్దమ్మా. ఏం తిన్నావో చెప్పు."

"అమ్మమ్మకి మనం రూమ్ వన్, రూమ్ టూ, అంతేనే!" అని వాళ్లు నవ్వుకునేవారు.

పత్రికలో పనిచేసినన్నాళ్లూ నా మొదటి ప్రశ్న పేరే. అందుకే ఆవిడ తీరు నాకు వింతగా ఉండేది. ఒక మధ్యాహ్నం ఎందుకలా అని అడిగేశాను. ఆవిడ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ చెప్పారు.

"జపానువాళ్లు మా తోటలు ఆక్రమించిన కాలం బాబూ. అడవిలో దాక్కుని వాళ్లతో పోరాడేవాళ్లకి నా మెడలోని బంగారు గుండ్లు ఒక్కొక్కటే తీసి పంపేదాన్ని. మా ఆయనకి కూడా తెలీదు. రబ్బరు పాలు గీసే మనిషొకడు పట్టుకెళ్లేవాడు. ఓరోజు నా బోసి మెడ చూసి, బంగారం ఏమైంది, ఎవరికిచ్చావని సిపాయిలు నిలదీశారు."

"కొట్టారా?"

"ఒక్క దెబ్బ. రెండోది పడకముందే అతని పేరు చెప్పేశా. పట్టుకుపోయారు. తిరిగి రాలేదు. ఎవరి పేరూ తెలీకపోతే ఇంక చెప్పలేను కదా అని..."

ఆవిడ చేతిలో చిక్కుడుకాయ సగం ఈనెతో ఆగిపోయింది. పాత అలవాటు నా నోటిని ఊరుకోనివ్వలేదు.

"అతని పేరేంటమ్మా?"

ఆవిడ ఆ మిగిలిన ఈనె లాగేసి, కాయను గిన్నెలో వేశారు.

"ఒకసారి చెప్పాను కదా బాబూ. చాలదా?"