పద్నాలుగు చీరెలు, ఒక సెన్సార్

తల్లీ, నీకు జయం. వాన కురిపించేదానివి నువ్వే, తడిసిన బట్టను ఆరబెట్టేదానివీ నువ్వే, ఈ రెండింటి మధ్య మమ్మల్ని పరుగులు పెట్టించి చూసి నవ్వుకునేదానివీ నువ్వే. పత్తికాయలో దూదివి, దూదిలో నూలువి, నూలులో చీరవి. నీ పేరు తలచుకుని మొదలుపెడుతున్నాను. నవ్వు ఆపుకోలేక మధ్యలో ఎక్కడైనా తడబడితే ఆ భారం నీదే.

మాది నేతపని చేసే కుటుంబం. మగ్గం గుంట పక్కన ఆడుకుంటూ పెరిగాను. పెళ్లయి మధురానగర్ వచ్చాక మగ్గం దూరమైంది గాని, శుక్రవారం పారాయణం దగ్గరైంది. మా మండలిలో పద్నాలుగు మంది ఆడవాళ్లం. మాకు శ్లోకం పలకడం నేర్పిన ఆమెను అందరం పెద్దమ్మా అని పిలుస్తాం. డెబ్బై దాటింది. ఒక్క ఒత్తు జారితే చాలు, పారాయణం ఆపి, కళ్లజోడు సర్దుకుని, తప్పు పలికిన మనిషినే చూస్తుంది. ముందు వరుసలో కూర్చుని ఆమె ఒక పాదం అందుకుంటే, మిగతావాళ్లం దాన్ని తిరిగి పలుకుతాం. పదకొండేళ్లుగా నేను రెండో వరుసలో తిరిగి పలుకుతూనే ఉన్నాను. అందుకునే భాగ్యం ఒక్కసారైనా కావాలని అమ్మవారిని ఎన్నిసార్లు అడిగానో ఆమెకే తెలుసు.

పోయిన శ్రావణంలో ఒక శుక్రవారం పంజాగుట్టలోని ఒక ఫంక్షన్ హాల్లో సామూహిక పారాయణం పెట్టారు. ఊళ్లోని మండళ్లన్నీ వస్తాయి, ఒక్కో మండలిది ఒక్కో రంగు. హాలంతటికీ ముందు అందుకునేది మా పెద్దమ్మే. మేము పసుపు మీద ఎర్ర అంచు నారాయణపేట నూలు చీరెలు తెప్పించుకున్నాం. కొత్త చీరెలను ఒకసారి ఉప్పునీళ్లలో జాడించి, గంజి పెట్టి ఆరేస్తేనే కట్టుకోవడానికి నిండుగా ఉంటాయి. కాని మూడు రోజులుగా ముసురు. లాండ్రీవాళ్లు చేతులెత్తేశారు.

"నాకియ్యుండ్రి. మా ఇంట్ల డ్రైయర్ ఉన్నది" అన్నాను.

పెద్దమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "ఎండ తగలని చీరె అమ్మవారి ముందట కడ్తమా పిల్లా?"

"ఎండల ఉన్న వేడి ఎవరిది పెద్దమ్మా? డబ్బల ఉన్న వేడి ఎవరిది? రెండూ ఆమెవే గద!"

"మాటలు మస్తు నేర్చినవ్. సరే, శుక్రవారం మూడున్నరకు పద్నాలుగు చీరెలూ ఆరబెట్టి తెచ్చినవనుకో, ఆ దినం నువ్వే అందుకో. తేకుంటే వచ్చే ఏడు సుత రెండో వరుసే."

పదకొండేళ్ల ప్రార్థన అలా ఒక బట్టల మూటలో కట్టి నా చేతికొచ్చింది.

ఆ డ్రైయర్ గురించి చెప్పాలి. అమీర్‌పేటలో ఒక ఆడపిల్లల హాస్టల్ ఖాళీ చేస్తుంటే మా ఇంటాయన తెచ్చాడు. ఎన్ని నిమిషాలు తిరగాలో మనం పెట్టే మీట ఆ హాస్టల్లోనే విరిగిపోయింది. మిగిలింది 'ఆటో' ఒక్కటే. అది నొక్కితే బట్టలు ఆరాయని తనకు తానే తెలుసుకుని ఆగి, ఒక చిన్న పాట పాడుతుంది. పదిహేను రోజులు దానితో హాయిగా గడిచింది. అప్పుడప్పుడు చొక్కా చంకల్లో కొంచెం తడి మిగిలేది. వానాకాలం కదా అనుకున్నాను.

శుక్రవారం పొద్దున చిక్కటి గంజి కాచాను. మగ్గం మీది పడుగు నూలుకు గంజి పెట్టిన ఇంటి పిల్లను, ఇక్కడ పిసినారితనం చేస్తానా? చీరెలన్నీ ముంచి, పిండి, మొదట ఐదు డ్రైయర్లో వేసి, దండం పెట్టి నొక్కాను.

ఎనిమిదో నిమిషంలో పాట పాడింది.

తలుపు తీశాను. చీరెలు వెచ్చగా, తడిగా, దించిన ఇడ్లీ పాత్రలోని గుడ్డల్లా ఉన్నాయి. మళ్లీ నొక్కాను. ఆరు నిమిషాలు, పాట. ఐదూ ఎక్కువయ్యాయేమోనని మూడు తీసేశాను. ఐదు నిమిషాలు, పాట. ఒక్కటే వేశాను. ఆ ఒక్క చీర లోపల రెండు పల్టీలు కొట్టిందో లేదో, పాట! నూగు పట్టే జాలీ తీస్తే చిన్న దిండుకు సరిపడా నూగు వచ్చింది. హమ్మయ్య, ఇదే రోగం అనుకుని శుభ్రంగా కడిగి పెట్టాను. పాట. వేడిగాలి పోయే గొట్టం ఎక్కడైనా మడతపడిందేమోనని మా ఇంటాయన బాల్కనీలోకి వంగి చూశాడు. గొట్టం బాగానే ఉంది, ఆయన తలే వానలో తడిసింది.

"నన్ను సుత అండ్ల వెయ్యి, ఎన్మిది నిమిషాలు చాలు నాకు" అన్నాడు తల తుడుచుకుంటూ.

నేను నామాలు చదువుతూ మళ్లీ నొక్కాను.

"దేవుని పేరు చెప్పి మిషన్‌ను బెదిరిస్తున్నవా?" అన్నాడాయనే.

రిపేరు షాపుకు ఫోన్ చేశాను. అటునుంచి ఒకాయన తాపీగా అడిగాడు. "టైం మీద పెట్టి చూసిండ్రా మేడం?"

"ఆ మీట విరిగిపోయిందన్నా."

"అయితే సెన్సార్ లొల్లి. రేపొస్త."

"సెన్సారా? మా ఇంట్ల పారాయణం చీరెలే ఉన్నయన్నా, వేరే ఏం లెవ్వు!"

ఆయన నవ్వాపుకోలేక ఫోన్ పెట్టేశాడు. నాకు ఎందుకో అర్థం కాలేదు. పదకొండు గంటలైంది. పద్నాలుగు తడి చీరెలు నన్ను చూస్తున్నాయి.

అప్పుడు పై అంతస్తు అన్న దిగి వచ్చాడు. తల పండిన మనిషి, కృష్ణానగర్‌లో సినిమావాళ్ల దగ్గర దుస్తులు ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేయించే పనిలో ముప్పై ఏళ్లుగా ఉన్నాడు.

"ఏంది చెల్లే, పొద్దటి సంది అదే పాట. రికార్డు అరిగిందా?"

"సెన్సార్ లొల్లి అంటున్నరన్నా."

"మా సినిమాలల్ల సీన్లు కట్ చేస్తరు. నీ చీరెలల్ల ఏం కట్ చేసిండ్రు?"

అంటూనే ప్లగ్ తీయించాడు. ఫోన్ లైటు వేసి, మెడ దాకా తల బట్టలు తిరిగే డ్రమ్ములో పెట్టాడు. లోపల నుంచి గొంతు బావిలోంచి వచ్చినట్టు వచ్చింది. "చెల్లే! గీ రెండు పట్టీలు జూడు!"

చూశాను. లోపలి అంచున వేలంత పొడవు రెండు స్టీలు పట్టీలు. వాటి మీద తెల్లగా, పలచగా ఏదో పొర. అన్న గోటితో గీకి, వాసన చూసి, పులకరించిపోయాడు.

"అన్నం వాసన! అసలు సిసలు బియ్యం గంజి. మా సినిమా లీడర్ల తెల్లచొక్కాలకు సుత ఇంత గట్టిగ పెట్టలే నేను."

తడిబట్ట ఆ రెండు పట్టీలకూ ఒకేసారి తగిలితే రవ్వంత కరెంటు ఒకదాన్నుంచి ఇంకోదానికి పోతుందట. దాన్ని బట్టి ఇంకా తడి ఉందని మిషన్ తెలుసుకుంటుందట. గంజి పొర ఎండి అడ్డం పడేసరికి, చీర ఎంత తడిగా తగిలినా దానికి తెలియడం లేదు. ఆరిందనుకుని సంతోషంగా పాట పాడుతోంది. పదిహేను రోజులుగా మా ఇంటాయన చొక్కాలతో, నా చీరెలతో దానికి నేనే కొంచెం కొంచెంగా గంజి పట్టించాను.

నేను నేలమీద కూలబడి నవ్వాను. కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాను. పొద్దున్నుంచి మిషన్‌ను, వానను, నరదిష్టిని అన్నింటినీ తిట్టాను గాని, నా గంజిని ఒక్కమాట అనలేదు. మనసూ ఇంతే కదా అనిపించింది. మనకు గొప్ప అనిపించిందే పలచటి పొరగా పేరుకుని, తగిలే తడిని తెలియనివ్వదు. ఈ సంగతి నాకు ప్రవచనాల్లో ఎన్నోసార్లు చెప్పారు. డ్రమ్ములో తల పెడితే గాని ఎక్కలేదు.

వేడినీళ్లు, సగం నిమ్మచెక్క, మెత్తటి గుడ్డ తీసుకుని పట్టీలను అద్దంలా తుడిచాను. అన్న అక్కడితో ఆగలేదు.

"ఇగ చీరెలల్ల గంజి సుత తియ్యాలె. లేకుంటే మళ్ల అదే కథ."

"గంజి లేకుండ నారాయణపేట చీరెనా? మా నాయన చూస్తే ఏమంటడు?"

"మీ నాయన కడ్తడా చీరె? గంజి కావాల్నా, ఆరిన చీరె కావాల్నా? ఒకటి చెప్పు."

చెప్పాను. పద్నాలుగు చీరెలనూ రెండు నీళ్లలో జాడించాం. నేను వంచిపోస్తుంటే తెల్లటి నీళ్లు మోరీలోకి పోయాయి, నా పుట్టింటి పరువంతా వాటితోనే. పన్నెండున్నరకు మొదటి ఐదు వేశాను. ఎనిమిదో నిమిషం దాటింది. అన్న, మా ఇంటాయన, నేను ముగ్గురం గడియారం వైపే చూశాం. పదో నిమిషం. ఇరవయ్యో నిమిషం. మా ఇంటాయన డ్రైయర్‌కు దండం పెట్టాడు. నలభయ్యో నిమిషంలో అది పాడిన పాట నాకు మంగళహారతిలా వినిపించింది. చీరెలు నూగులా, పిల్లి బొజ్జలా మెత్తగా వచ్చాయి.

మూడో వాయి దిగేసరికి రెండున్నర దాటింది. వేడివేడిగానే చేతులతో సాఫు చేసి, మడతపెట్టి, పెద్ద సంచిలో కుక్కి మెట్రో స్టేషన్‌కు పరుగెత్తాను. సంచి తడిమిన సెక్యూరిటీ అమ్మాయి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఏందాంటీ గిది, గింత వేడిగున్నది? బిర్యానీనా?"

"చీరెలు బిడ్డా. ఇప్పుడే దిగినయ్."

"దమ్ మీద పెట్టిండ్రా ఏంది?" అంది. వెనక క్యూలో ఉన్నవాళ్లంతా నవ్వారు. అందరికంటే ఎక్కువ నేనే నవ్వాను.

అమీర్‌పేటలో రైలు మారే జనంలో సంచిని పసిపిల్లలా ఎత్తుకుని దిగాను, ఎక్కాను. పంజాగుట్టలో వాన. హాలు వెనకగదిలోకి వెళ్లేసరికి మూడున్నరకు ఇంకా నాలుగు నిమిషాలున్నాయి. వానకు వణుకుతూ వచ్చిన మా మండలివాళ్లు చీరె ముట్టుకుని కేక వేశారు. ఒకామె చెంపకు ఆనించుకుంది, ఇంకొకామె కడుపుకు హత్తుకుంది. చీరెల కోసం తోపులాట, కిచకిచలు. పారాయణానికి వచ్చినట్టు లేదు, చిన్నపిల్లల బడి విడిచినట్టుంది.

పెద్దమ్మ మాత్రం కొంగును రెండు వేళ్ల మధ్య నలిపి చూసింది.

"గంజేదే?"

"డ్రైయర్ తాగింది పెద్దమ్మా" అన్నాను. జరిగింది దాచకుండా చెప్పాను. గంజి నా గొప్ప కోసం అంత చిక్కగా పెట్టానని కూడా చెప్పాను.

ఆమె కొంగు వదిలేసి, కళ్లజోడు సర్దుకుని, నన్నే చూసింది. "చీరెల లేకుంటే పాయె. గొంతుల ఉన్నదా గంజి?"

"ఉన్నది పెద్దమ్మా."

"అయితే నడువు ముందుకు."

ముందు వరుసలో కూర్చున్నాను. పెద్దమ్మ నా వెనక, రెండో వరుసలో కూర్చుంది. నాలుగయింది. నోరు తెరిచి మొదటి పాదం అందుకున్నాను. ఒక్క ఒత్తు కూడా జారలేదు. పాదం ముగిశాక అర క్షణం ఏమీ వినిపించలేదు. ఆ అర క్షణం నాకు పదకొండేళ్లంత పొడవుగా తోచింది. తర్వాత నా వీపు వెనక నుంచి హాలంతా ఒక్క గొంతై లేచింది. అందరికంటే ముందు లేచింది పెద్దమ్మ గొంతు.

ఇది చదువుతున్న మీరు ఎక్కడ కూర్చున్నా సరే, ఒక్క క్షణం నాతో గొంతు కలపండి. నేను అందుకుంటాను, మీరు తిరిగి అనండి. తల్లీ, ముందు పలకాల్సినవాళ్లకు ధైర్యం ఇవ్వు. పలికినవాళ్లను ఒంటరిగా విడిచిపెట్టకుండా, తిరిగి పలికే గొంతులు ఇవ్వు. ఊఁ, ఇప్పుడు మీరు.