ముక్కమ్మకు వేసిన చుక్కలు

మా అత్తని వీధిలో అందరూ ముక్కమ్మ అంటారు. ఎదురుగా అన్నా ఏమీ అనుకోదు. "కళ్లున్నవాళ్లు ఊరినిండా ఉన్నారు, ముక్కున్నదాన్ని నేనొక్కదాన్నే" అంటుంది. ఆవిడ సెంటు కలుపుతుంది. వీధి మొగలో మా సెంటు దుకాణం ఉంది. ముందు గదిలో అద్దాల బీరువాల మధ్య కూర్చుని మా బాబాయి అమ్మేవాడు, వెనక గదిలో అత్త కలిపేది. అత్త ఇంటికి పెద్దది, బాబాయి అందరికన్నా చిన్నవాడు. నేను వాళ్లిద్దరి మధ్యవాడి కూతుర్ని, దుకాణం మీది మేడ గదుల్లో అత్తతోనే ఉంటాను.

వాళ్లమ్మ పోయేనాటికి బాబాయికి పాలపళ్లు కూడా ఊడలేదట. అన్నం కలిపి పెట్టడం, జ్వరమొస్తే ఒళ్లో పడుకోబెట్టుకోవడం, నాలుగు తగిలించి బడికి పంపడం, అన్నీ అత్తే చేసింది. పెళ్లెందుకు చేసుకోలేదత్తా అని అడిగితే, "వచ్చినవాళ్లంతా పై వాసనేనే" అని నవ్వేది. బాబాయి మాత్రం మాటకారి, నవ్వించగలడు, గోడకైనా సెంటు అమ్మగలడు. నాకూ ఆయనంటే ఇష్టంగానే ఉండేది, ఇప్పటికీ నా మంటంతా అదే.

పై వాసన అంటే ఏమిటో ఒకసారి అడిగాను. అత్త సన్నటి అట్టముక్కని సీసాలో ముంచి నా చేతికిచ్చింది. నేను ఒక్కసారి పీల్చి బాగుందన్నాను.

"తొందరపడకే. సెంటంటే ఇంటికి చుట్టాలొచ్చినట్టు. గుమ్మంలోనే నవ్వులన్నీ నవ్వేసి వెళ్లిపోయేది పై వాసన. నిమ్మతొక్క, నారింజ, పుదీనా అలాంటివి. కూర్చుని నాలుగు మాటలు మాట్లాడేది నడిమి వాసన. గులాబీ, మల్లె అందులోవి. అందరూ తిని లేచాక అంట్లు తోమడానికి ఎవరు మిగులుతారో, అది అడుగు వాసన. గంధం, దేవదారు, కస్తూరి. అది తెలియాలంటే సాయంత్రం దాకా ఆగాలి."

"కొనేవాళ్లు అంతసేపు ఎక్కడాగుతారత్తా?"

"వాళ్లాగరు. అందుకే వాళ్ల బదులు నేనాగుతాను."

నిజంగానే ఆగేది. కిటికీకి కట్టిన తాడుకి అట్టముక్కలన్నీ బట్టల క్లిప్పులతో తగిలించి, పొద్దున ఒకసారి, అన్నం తిన్నాక ఒకసారి, దీపాలు పెట్టే వేళ ఒకసారి వాసన చూసేది. మధ్యలో ముక్కు అలిసిపోతే తన మోచేతి మడతలో పెట్టుకుని కాసేపు ఊపిరి పీల్చుకునేది. సొంత ఒంటి వాసన దగ్గర ముక్కుకి విశ్రాంతి దొరుకుతుందట. సాయంత్రానికి అడుగు మిగలని సెంటుని, బాబాయి ఎంత బతిమాలినా, ముందు గదిలోకి పంపేది కాదు. వెనక గదిలో సీసాలు ఖాళీ అయితే డబ్బాల్లోంచి తెచ్చి నింపే పని మాత్రం బాబాయిది.

నిరుడు ఎండలు ముదురుతున్నప్పుడు అత్తకి పెద్ద జలుబు చేసింది. తగ్గి పనిలో కూర్చున్నాక అట్టముక్కలు తేడాగా అనిపించాయి. నిమ్మ తెలుస్తోంది, గులాబీ తెలుస్తోంది, సాయంత్రానికి మాత్రం ఏమీ లేదు. గంధం సీసా మూత తీసి చూస్తే ఎక్కడో గోడవతల ఉన్నట్టు సన్నగా వస్తోంది. మళ్లీ కలిపింది, ఇంకాస్త గంధం పోసింది. సాయంత్రానికి మళ్లీ అంతే. ఈలోగా కొన్నవాళ్లు కూడా వచ్చి సెంటు నిలవట్లేదని అడగడం మొదలుపెట్టారు.

బాబాయి వెనక గదిలోకి వచ్చి ఆవిడ పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. "జలుబు నీ ముక్కుని దెబ్బతీసిందక్కా, అందుకే పాళ్లు తప్పుతున్నాయి. ముందు బరువు వాసనలే పోతాయంట. ఈ పనిలో ముసలైనవాళ్లందరికీ ఇంతేనంట. నువ్వేం దిగులుపడకు, నేనున్నాగా" అన్నాడు.

అత్త నమ్మింది. తను పెంచినవాడి మాట నమ్మక ఎవరి మాట నమ్ముతుంది? మర్నాటి నుంచి బాబాయే పొద్దున్నే మేడ మీదికి వచ్చేవాడు. ఆవిడ తలని తన మోకాళ్ల మీదికి వంచి, చిన్న సీసాలోంచి ఒక్కో ముక్కులో చుక్కలు వేసేవాడు. వేసి, కళ్ల పక్కకి కారింది తన జేబురుమాలుతో తుడిచేవాడు. నేను గుమ్మంలో నిలబడి, తమ్ముడంటే ఇలా ఉండాలి అనుకున్నాను. అత్త కూడా అదే అంది. "చూడవే, చిన్నప్పుడు వాడికి నేను వేసిన చుక్కలన్నీ తిరిగి ఇస్తున్నాడు."

అప్పట్నుంచి ఆవిడ మరో మనిషి అయిపోయింది. పాలు విరిగాయేమో చూడమని గిన్నె నాకిచ్చేది. పాల సంగతి ఆవిడకి నాకన్నా ముందే తెలుసు, అయినా నమ్మకం లేదు. కలపడం మానేసింది. కిటికీ దగ్గర తాడుకి క్లిప్పులు మాత్రం వేలాడుతుండేవి. కింద బాబాయి తనే కలిపి అమ్ముతూ, అడిగినవాళ్లకి "మా అక్కకి ముక్కు పోయింది, పాపం" అని చెప్పేవాడు. జనం జాలిపడి ఇంకో సీసా కొనుక్కుని వెళ్లేవారు.

చలి మొదలైన రోజు ఉన్నిబట్టల కోసం నేను పెట్టె తెరిచాను. అత్త గది ఆ చివర కిటికీ దగ్గర కూర్చుని జాకెట్టుకి హుక్కులు కుడుతోంది. పాత శాలువా పైకి లాగానో లేదో, సూది ఆగిపోయింది.

"అందులో గంధముందే" అంది. "దాని కింద దేవదారు. పోయిన చలికాలం నేను కలిపిందే. ఒంటి మీద ఒలికితే తిట్టుకున్నాను."

నేను శాలువాలో మొహం దూర్చి వెతికితే గానీ నాకా వాసన దొరకలేదు. ఆవిడకి గది అవతలికి అందింది. శాలువా లాక్కుని, చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగి వెనక గదిలోకి వెళ్లింది. గంధం సీసా వాసన చూసింది, శాలువా చూసింది. దేవదారు సీసా చూసింది, మళ్లీ శాలువా చూసింది. తర్వాత స్టూలు మీద కూర్చుండిపోయింది. ముక్కుకి ఏమీ కాలేదు, సీసాలే పలచనయ్యాయి. వాటిని నింపేది ఒక్కడే.

ముందు గదిలో కొనేవాళ్లెవరూ లేరు. అత్త గంధం సీసాని అద్దాల బల్ల మీద పెట్టింది. "ఇందులో గంధం ఏ పాటి ఉందిరా?"

బాబాయి నవ్వబోయాడు. "నీ ముక్కు సంగతి తెలిసిందేగా అక్కా..." ఆవిడ శాలువా ఎత్తి చూపించింది. ఆయనకి విషయం అర్థమైంది. నవ్వు మెల్లగా పోయింది.

"మంచి గంధం కొనగలిగేలా లేదక్కా. వచ్చినవాళ్లు గుమ్మంలోనే వాసన చూసి కొనేస్తారు. సాయంత్రం దాకా ఎవరాగుతారు?"

"నేనాగాను కదరా."

"నీకు చెబితే ఒప్పుకోవు. అందుకే..."

"సీసాలు మార్చావు. దుకాణం నీ చేతుల్లో ఉంది, మార్చుకున్నావు. నా ముక్కులో చుక్కలెందుకు వేశావు?"

బాబాయి తల ఎత్తాడు. నన్ను అన్యాయంగా అంటున్నావే అన్నట్టుంది ఆ మొహం. "అవి ఉత్త ఉప్పునీళ్లేనక్కా. నీకు హాని చేసే మందు నేను వేస్తానా?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే బాబాయ్ అని అరిచాను. ఇంకా చాలా అనేదాన్ని, అత్త చెయ్యెత్తి ఆపింది. శాలువా భుజాన వేసుకుని మేడెక్కేసింది. మళ్లీ దుకాణంలోకి దిగలేదు.

ఇప్పుడు మేడ మీదే, కిటికీ దగ్గర, ఎప్పట్నుంచో కొనేవాళ్లు కొందరికి కలుపుతోంది. కింద బాబాయి వ్యాపారం బ్రహ్మాండంగా ఉంది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయి అని నేను సణుగుతూనే ఉంటాను, ఆవిడ మాత్రం తమ్ముణ్ణి పల్లెత్తు మాట అనదు. ముక్కు ఎప్పటిలాగే ఉంది. పక్కింటి అన్నం మాడకముందే చెప్పేస్తుంది.

అయినా దీపాలు పెట్టే వేళకి తాడు మీది అట్టముక్క తీసి నాకందిస్తుంది. "అడుగుందా? నిజం చెప్పు."

"ఉందత్తా" అంటాను. ఉంటుంది కూడా. ఆవిడ అట్టముక్క తిరిగి తీసుకోదు. నిజమే చెప్పానో లేదోనని చాలాసేపు నా మొహంలోకి చూస్తుంది.