తాతగారి పుస్తకానికి జమానతు

ఇల్లు, భూములు పోయాక తాతగారి పుస్తకాలన్నీ నాన్న సంగారెడ్డి గ్రంథాలయానికి ఉచితంగా ఇచ్చేశాడు. అందులో ఒక ఉర్దూ నవల ఉండేది. ఒక సూఫీ ఫకీరు, అతన్ని ప్రేమించిన ఒక నేతపని అమ్మాయి కథ అది. నేను సగం చదివేసరికే అది ఇల్లు దాటింది. డెబ్బైల మొదట్లో పటాన్‌చెరు ఫ్యాక్టరీలో గుమాస్తాగా చేరాక, మిగతా సగం కోసం గ్రంథాలయానికి వెళ్లాను.

"ఇంటికి తీస్కపోవాల్నంటే, ఇంటిపన్ను కట్టేటోళ్లు జమానతు సంతకం పెట్టాలె," అన్నాడు లైబ్రేరియన్.

"మొదటి పేజీల ముద్ర సూడుండ్రి. అది మా తాతది."

"ముద్ర పన్ను కడ్తదా సార్? మీరుండేది కిరాయింట్ల గద!"

నా ఒళ్లు మండిపోయింది. వెనక నిలబడ్డ ముసలి దర్జీ ముందుకొచ్చాడు. ఒకప్పుడు మా వరండాలో కూర్చుని మా ఇంటిల్లిపాదికీ బట్టలు కుట్టిన మనిషి. తాతగారు ఆ నవల పైకి చదువుతుంటే మిషను ఆపి వినేవాడు.

"నేను పెడ్త దొరా. నా ఇంటికి పన్ను కడ్తున్న. కలం ఇటియ్యుండ్రి."

"అక్కర్లేదు," అన్నాను.

"గా ఫకీరు ఇంటింటికి పోయి అడుక్కతిన్నడు. జెర గూడ సిగ్గుపడలే," అని నవ్వాడు.

ఎనిమిది ఆదివారాలు అక్కడి బల్ల మీదే కూర్చుని మా పుస్తకాన్ని పరాయివాడిలా చదివి ముగించాను. ప్రేమ కోసం ఫకీరు చివరికి తన పేరునే వదిలేసుకుంటాడు. గొప్ప మాటే, కాదనను. కానీ అతను వదిలేయకముందే, నీ పేరు చాలదని అతనితో ఎవరూ అనలేదు.