సూర్యుడి గాలి, అత్త వాకిలి, నా చొక్కా జేబు

మీరు గెలిచిన వాదనను ఎప్పుడైనా మళ్ళీ పరీక్షించి చూశారా? ఓడినదాని సంగతి కాదు. దాన్ని అందరమూ స్నానం చేస్తూ మళ్ళీ వాదించి గెలుస్తూనే ఉంటాం. నేనడిగేది చప్పట్లు పడ్డదాన్ని గురించి. ఆ రోజుల్లో (అంత పాతవేమీ కావు, అందరి చేతిలో ఫోను ఉన్న రోజులే) నన్నెవరైనా ఈ ప్రశ్న అడిగివుంటే నవ్వేవాణ్ణి. నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. పాపిరెడ్డిపట్టిలో ఒక ప్రైవేటు బడిలో సైన్సు పంతులుగా చేరి ఆరు నెలలైంది. ధర్మపురిలో చదువుకునేటప్పుడు పట్టిమన్రాలలో, అంటే రెండు జట్లు వేదికెక్కి వాదించుకునే తమిళ సభల్లో, జాతకాలనూ ముహూర్తాలనూ చీల్చి చెండాడి గెలుచుకున్న స్టీలు చెంబులు మా అటక నిండా ఉండేవి. (వాటిలో మా అమ్మ చింతపండు దాచేది. హేతువాదం మా ఇంటికి ఆ విధంగా ఉపయోగపడింది.) "ఆధారం చూపించు" అన్నది నా ఊతపదం. చారులో ఉప్పు తక్కువైందని నాన్న అన్నా ఆధారం అడిగేవాణ్ణి.

మా మేనత్త పెరియంపట్టిలో కొత్తిల్లు కట్టుకుంటోంది. వాకిలి ఎక్కడ పెట్టాలో తేల్చడానికి ఆమె ఖాళీ స్థలంలో పీట వేసుకుని మూడు సాయంత్రాలు కూర్చుంది. గడప మీద చింతకాయలు కొడుతూ తలెత్తితే బస్టాపు కనిపించాలి. ఎవరు దిగారో, వాళ్ళ సంచి ఎంత బరువుందో తెలియాలి. అదీ ఆమె లెక్క. ద్వారబంధం నిలబెట్టారు, గోడలు లేచాయి, శుక్రవారం పైకప్పు కాంక్రీటు అనుకున్నారు. దానికి ముందు శనివారం వచ్చాడు ముల్లు మామ. అత్తకు వరసకు మరిది. ఇత్తడి దిక్సూచి పట్టుకుని ఇళ్ళకు వాస్తు చెబుతాడు గనక ఆ పేరు. గడప మీద దిక్సూచి పెట్టి, కళ్ళు మూసి, తెరిచి, "వదినా, వాసక్కాలు ఆగ్నేయానికి తిరిగిపోయినాది. పెరికేసి పక్క గోడలో పెట్టాల" అన్నాడు. (వాసక్కాలంటే తమిళంలో ద్వారబంధం.) పక్క గోడలోంచి కనిపించేది ఎదురింటివాళ్ళ పేడదిబ్బ. అత్త కొంగుతో ద్వారబంధం మీది సిమెంటు మరకలు తుడవడం మొదలుపెట్టింది. అది చూసి నా రక్తం ఉడికింది.

సూర్యుడి మీద పెద్ద పేలుడు జరిగిందనీ, దాని తాకిడి ఆ రోజే భూమికి చేరుతుందనీ పొద్దున్నే పత్రికలో చదివివున్నాను. ఇంతకంటే మంచి ఆయుధం ఏముంటుంది?

"మామా, ఈ పొద్దు నీ ముల్లును నమ్మేదానికి లేదు" అన్నాను.

"ఏం వాద్యారే, ముల్లుకు జొరమా?" (పంతులు అనడానికి బదులు తమిళంలో వాద్యారు అన్నాడంటే ఆటపట్టిస్తున్నాడని అర్థం.)

"సూర్యునికి. ఆయన వెలుతురు ఒకటే పంపడు, గాలి కూడా విసురుతాడు. విద్యుత్తు నిండిన రేణువుల గాలి."

"గాలా? యాడ, ఆకు కూడా కదల్లేదే" అంది అత్త.

"అది మన దాకా రాదత్తా. హొగెనకల్లులో పరిసలెక్కి, అదే బుట్ట పడవెక్కి, ఏరు దాటినావు గదా? నడి ఏట్లో బండ ఉంటే దాని ముందర నీళ్ళు ఉబ్బి, రెండు పక్కలకు చీలి, వెనకాల తోకమాదిరి సాగతాయి. భూమి చుట్టూ అయస్కాంతపు కట్ట ఉంది. అదే ఆ బండ. సూర్యుని గాలి దాన్ని ముందర అణుస్తాది, వెనకాల సాగదీస్తాది."

"ఆ కట్ట లేకుంటే?"

"అంగారకుడికి ఎప్పుడో పోయినాది. ఆయన మీదుండే గాలిని సూర్యుని గాలి కొంచెం కొంచెంగా చానా మటుకు ఊడ్చుకోనిపోయినాది."

"పాపం" అంది అత్త, అంగారకుడు మా వీధివాడే అయినట్టు.

ముల్లు మామ గడ్డం గోక్కున్నాడు. "కుజుడు కుజుడని ఇన్నేండ్లూ జనాన్ని భయపెట్టినానే. వానింట్లోనే గాలి లేదా?"

నేను ఆగలేదు. వేదికెక్కినట్టు ఊగిపోతూ, ఇవాళ ఆ గాలి తుపానైందనీ, కట్ట వణికితే ముల్లూ వణుకుతుందనీ చెబుతూ, దిక్సూచి మీదికి వంగి వేలు చూపించాను. ముల్లు తిరిగింది. నిజంగా తిరిగింది, బెత్తెడు దిక్సూచిలో పావు వంతు. ముల్లు మామ మొహం పాలిపోయింది. మేస్త్రీ తాపీ కింద పెట్టేశాడు. "ఆధారం" అన్నాను నేను, మెల్లగా, చేతులు కట్టుకుని. (ఆ చేతులు కట్టుకోవడం తలుచుకుంటే ఇప్పటికీ చెవులు కాలుతాయి.) వాకిలి ఉన్నచోటే ఉండాలని తేలింది.

వార్త బస్సెక్కి ఊళ్ళు తిరిగింది. ఏరియూరు బడివాళ్ళు ఆదివారం వచ్చి మాట్లాడమన్నారు. ఆ ఉపన్యాసం కోసం బుధవారం పుస్తకాలు తిరగేస్తే ఒక వాక్యం దగ్గర చెంబు జారిపడ్డట్టయింది: సూర్యుడి తుపానుకు దిక్సూచి ముల్లు కదిలే మాట నిజమే గానీ, మన ప్రాంతంలో ఆ కదలిక మామూలు దిక్సూచిలో కంటికి ఆనదు. మరి నేను చూసిందేమిటి? బడి దిక్సూచి తెచ్చి బల్ల మీద పెట్టి వంగాను. ముల్లు తల్లిని చూసిన దూడలా నా వైపు తిరిగింది. పక్కకు జరిగాను, మళ్ళీ ఉత్తరానికి పోయింది. చొక్కా జేబులో ఫోను. ఫోను కవరు మూతలో అయస్కాంతం.

కాంక్రీటు పడేదాకా నోరు మూసుకుంటే చాలు. ఆ తరవాత ద్వారబంధాన్ని ఎవరూ కదిలించరు. వాకిలి దక్కుతుంది, పరువూ దక్కుతుంది. చెబితే అత్తకు పేడదిబ్బ, నాకు నవ్వులాట. ఒక రోజంతా నాలో నేనే రెండు జట్లుగా వాదించుకున్నాను. గురువారం సాయంత్రం బస్సెక్కాను. అత్త తలుపు లేని వాకిట్లోనే కూర్చుని నన్ను బస్టాపు దగ్గరే గుర్తుపట్టింది. ముల్లు మామ పక్కనే కాఫీ తాగుతున్నాడు. నిలబడే అంతా చెప్పేశాను.

"నాకు ఆ పొద్దే తెలుసు" అంది అత్త.

"ఎట్లా?"

"నువ్వు ఊగితే అది ఊగినాది. నువ్వు ఎనక్కి పోతే నిలబడినాది. దానికి సూర్యుడు దేనికిరా?"

"మరి అప్పుడే చెప్పలేదే?"

"నా వాకిలి నిలబడినాది గదా. నేనేల చెప్పాల?"

ముల్లు మామ నవ్వలేదు. గ్లాసు కింద పెట్టి, ఆ శనివారం తన దిక్సూచి పక్కనే గోడకు ఆనించివున్న కంబి కట్టను, అంటే పైకప్పుకు తెచ్చిన ఇనుప చువ్వలను, గుర్తుచేసుకున్నాడు. "అయితే నేనూ దొంగ ముల్లే చూసినాను" అన్నాడు. మేస్త్రీ వాకిలికి సూటిగా దారం లాగాడు. నేను ఫోను అత్త ఒళ్ళో పడేసి వచ్చాను. ఇనుముకు దూరంగా నిలబడి ఆ దారం పక్కన దిక్సూచి పట్టి చూస్తే వాకిలి కచ్చితంగా తూర్పుకే ఉంది. "చూస్తివా అల్లుడా, వాస్తుకు సరిపోయినాది" అని ముల్లు మామ నా భుజం తట్టాడు. నిజం చెప్పినందుకు నాకు దక్కిన బహుమతి అది. తూర్పుకూ అదృష్టానికీ ఏ సంబంధమూ లేదని గొంతెత్తబోయాను.

"ఒరే, ముందు నీ ఫోను తీస్కో, మోగతా ఉంది" అంది అత్త. "తూర్పో పడమరో, నాకు బస్సు కనిపిస్తాది."

ఆదివారం ఏరియూరులో సూర్యుడి గాలితోపాటు నా జేబు కథ కూడా చెప్పాను. చప్పట్లు తక్కువే పడ్డాయి. ఇప్పటికీ నేను ఇంట్లో గొంతు పెంచితే ఎవరో ఒకరు "ఫోను పక్కన పెట్టి మాట్లాడు" అంటారు. చేతులు కట్టుకుని నిలబడ్డ ఆ కుర్ర పంతులు మీద కోపం రాదు. అతని ఆవేశం కొంత ఇప్పటికీ అరువడగాలనిపిస్తుంది, జేబు తప్ప.

ఇక మీ వంతు. మీరు ఈ మధ్య గెలిచిన వాదన ఒకటి బయటికి తీయండి. జేబులు ఖాళీ చేసి, ఇనుముకు దూరంగా నిలబడి, మళ్ళీ ఒకసారి ముల్లు చూడండి. తప్పని తేలితే, మీరు ఓడించినవారి వాకిటికి ఈ రోజే వెళ్ళి చెప్పండి. కాంక్రీటు పడకముందే వెళ్ళండి.