ఓబులేసు రిపోర్టులో నేను దిద్దిన వాక్యం

2019. మడివాళ మార్కెట్ వెనక వీధిలో, పరుపుల కొట్టు పై అంతస్తులో నా స్పోకెన్ ఇంగ్లీషు క్లాసు. బెళ్ళందూరు ఆఫీసుల్లో ఈరోజు ఇంగ్లీషు మాట్లాడుతున్న తెలుగువాళ్లలో సగంమంది ఆ మెట్లెక్కి వచ్చినవాళ్లేనని చాలామందికి చెప్పాను. ఆ మెట్లెక్కిన ఒకడి గురించి మాత్రం ఎవరికీ సరిగ్గా చెప్పలేదు.

ఓబులేసుది కదిరి పక్క పల్లె. హూడిలో కడుతున్న ఒక అపార్టుమెంటు దగ్గర సేఫ్టీ సూపర్వైజరు. అంటే పనివాళ్లు హెల్మెట్ పెట్టుకున్నారా, పరంజా గట్టిగా ఉందా అని రోజూ చూసి రాసే మనిషి. రాయడమే అతని పని. పని ఆపించాలంటే ప్రాజెక్టు మేనేజరు మాట రావాలి. తమ్ముడు రమణ ఆ పరంజా మీదే నిలబడి గోడలకు ప్లాస్టరింగు చేసేవాడు. కొత్తగా వచ్చిన మేనేజరుకు తెలుగూ రాదు, కన్నడమూ రాదు. రిపోర్టు ఇంగ్లీషులోనే పంపాలన్నాడు. అందుకని ఓబులేసు రోజూ సాయంత్రం చిత్తుప్రతి తెచ్చి నా బల్ల మీద పెట్టేవాడు. నేను ఎర్ర పెన్నుతో దిద్దితే, ఫోనులో ఎక్కించి అక్కణ్ణుంచే పంపేవాడు.

ఆ వారం పాఠం మోడల్ వెర్బులు. ఒక పని తప్పనిసరా, చేస్తే మంచిదా, లేక మన ఊహేనా అన్నది క్రియకు ముందు నిలబడి చెప్పే చిన్న మాటలవి. మస్ట్ అంటే చేసి తీరాలి. షుడ్ అంటే చేయడం మంచిది. మే, మైట్ అంటే కావచ్చు. ఇంతవరకు ఏ పుస్తకంలోనైనా ఉంటుంది. దానికి నేను నా సొంత సూత్రం ఒకటి కలిపేవాణ్ణి: కింద ఉన్నవాడు పైవాడికి మస్ట్ వాడకూడదు. ముప్పై ఏళ్లు ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో ఉత్తరాలు టైపు చేసి నేర్చుకున్నది అదే. "దయచేసి పరిశీలించగలరు" అని రాసినవాడు అక్కడ రిటైరయ్యేదాకా ఉన్నాడు. నేనున్నాను కదా.

మంగళవారం ఓబులేసు తెచ్చిన కాగితంలో రెండే వాక్యాలు. మూడో అంతస్తు పరంజాకు క్లాంపులు, అంటే గొట్టాలను పట్టి ఉంచే ఇనుప బిగింపులు, వదులయ్యాయి. పని ఆపి తీరాలి. ఈ రెండో వాక్యంలో మస్ట్ రాసి, కింద గీత కూడా గీశాడు.

"ఏమప్పా, మేనేజరుకే ఆర్డరు వేస్తా ఉండావా?" అన్నాను. క్లాసు నవ్వింది.

"అది కాదు సార్. చేత్తో కదిలిస్తేనే ఊగుతా ఉండాది. రమణ దాని మీదనే ఉండాడు."

చెప్పాల్సింది చెప్పు, కానీ మెత్తగా చెప్పు అన్నాను. మస్ట్ కొట్టేశాను. క్లాంపులు కొంత వదులై ఉండవచ్చుననీ, వీలైనప్పుడు పరిశీలిస్తే బాగుంటుందనీ రాయించాను. వాక్యం ముచ్చటగా వచ్చింది. బోర్డు మీదికెక్కించి అందరిచేతా చదివించాను కూడా.

వచ్చే వారం చూద్దామని మేనేజరు జవాబిచ్చాడట. శుక్రవారం పొద్దున పరంజా ఒక పక్కకు ఒరిగింది. రమణ ఇటుకల కుప్ప మీద పడ్డాడు. వెన్ను విరిగింది. నడుము కింద స్పర్శ పోయింది.

కంపెనీ విచారణ పెట్టింది. ప్రమాదం ఉందని సూపర్వైజరు గట్టిగా చెప్పలేదు కాబట్టి తప్పంతా అతనిదేనని విచారణ మొదలవకముందే అన్నారు. ఓబులేసు నా దగ్గరికి వచ్చాడు. ఎర్ర పెన్ను పడ్డ కాగితాన్ని మడత పెట్టి జేబులో ఉంచుకున్నాడు.

"మీరొచ్చి ఒక్క మాట చెప్పండి సార్. ఆపాలనే వీడు రాసినాడు అని."

ఆ విచారణలో నేను బల్ల గుద్ది మాట్లాడానని కొన్నేళ్లు చెప్పుకు తిరిగాను. అసలు వెళ్లనేలేదు. వెళితే ఆ చేతిరాత ఎవరిదని అడుగుతారు. మాట బయటికి పొక్కితే ఉన్న పిల్లలు కూడా మానేస్తారు. ఉన్నది మాత్రం ఎంతమందని? సగం బెళ్ళందూరు అన్నది నా నోటి గొప్ప. రెండు బెంచీలు, తొమ్మిది మంది. ఒక ఉత్తరం రాసిచ్చాను, అంతే. చిత్తుప్రతిలో మాటలు కొంత మారి ఉండవచ్చునని. ఎవరు మార్చారో అందులో లేదు. పాఠంలో నేర్పిన కావచ్చులన్నీ ఆ కాగితం మీద నాకే పనికొచ్చాయి. విచారణ చేసినాయన దాన్ని చదివి పక్కన పెట్టాడట. ఓబులేసు ఉద్యోగం పోయింది. సూపర్వైజరు పని అతనికి మళ్లీ ఎవరూ ఇవ్వలేదు.

అప్పట్నుంచి క్లాసులో ఆ సూత్రం చెప్పడం మానేశాను. మనిషి ప్రాణం సంగతి రాసేటప్పుడు చదివేవాడి హోదా చూడొద్దని చెబుతున్నాను. ఇంత ముసలితనంలో నేను నేర్చుకున్న పాఠం ఇదొక్కటే.

గత నెల హూడిలో అన్నదమ్ములుండే గదికి వెళ్లాను. ఓబులేసు ఏదో అపార్టుమెంటు గేటు దగ్గర వాచ్‌మన్ పనికి వెళ్లాడు. మంచం మీద ఉన్న రమణకు ఇదంతా చదివి వినిపించాను. పైన రాసిన భయం సంగతి అప్పటికి ఇందులో లేదు. విచారణ రోజు నాకు ఒళ్లు కాలిపోయే జ్వరమనీ, లేకపోతే వెళ్లేవాణ్ణేననీ ఉంది.

రమణ పైకప్పు చూస్తూ చివరిదాకా విన్నాడు.

"జ్వరం యాడిది సార్? మిమ్మల్ని పిల్చుకోని పోదామని మా అన్న ఆ పొద్దు ఆటో తెచ్చి మీ మెట్ల కింద నిలబెట్టినాడు. పైన మీరు పాఠం చెప్తా ఉంటిరి. అది అయ్యేదాకా కింద నిలబడి విని, ఒక్కడే పోయినాడు."