అక్కకు బాకీపడ్డ పిలక

పదకొండు కూజాలు, ఇంకా మూత తెరవని లేత కూజాలు నాలుగు, మొదలు దగ్గర అప్పుడే తొంగిచూసిన పిలక ఒకటి. మొన్న బీరువా సర్దుతుంటే బయటపడ్డ పాత నోటుపుస్తకంలో, పోయినవాటి లెక్క నా చేతిరాతలోనే ఇలా ఉంది.

తెలంగాణ వచ్చిన మరుసటేడు, చౌటుప్పల్‌లో మందుల ఫ్యాక్టరీ తూకం దగ్గర పనిచేస్తూ, పురుగులను పట్టి తినే ఆ కూజా మొక్కను కొని బాల్కనీలో వేలాడదీశాను. నా చదువు ఏడో తరగతితో ఆగినా, బాపు గొర్రెలను లెక్కపెట్టి నేర్చిన లెక్క నన్ను ఊరికే ఉండనిచ్చేది కాదు. ముదిరి ఎండిన ప్రతి కూజానూ నిలువుగా చీల్చి, పుల్లతో విడదీసి, చీమలెన్ని, ఈగలెన్ని అని రాసుకునేవాడిని.

కల్వకుర్తి దగ్గర మంద కాసే మా అక్క, కూజాలోకి జారిన ఈగను చూసి పకపకా నవ్వింది.

“మా మందకాడికి తేరాదా తమ్మీ, కడుపు పగుల తింటది! ఒక్క పిలకన్న నాకియ్యి.”

ఇస్తానన్నాను. తర్వాతిసారి వచ్చినప్పుడు, తన పిలక తొందరగా ఎదగాలని, మాగిన గొర్రె ఎరువు సంచిలో మోసుకొచ్చి, నేను డ్యూటీలో ఉండగా కుండీ నిండా వేసింది. ఎరువు కోసం చేనులో మంద ఆపమని రైతులు బతిమాలే ఇంట్లో పుట్టినవాళ్లం. ఎరువు ఓర్వని మొక్క ఒకటి ఉంటుందని ఆమెకెలా తోస్తుంది? పది రోజుల్లో మొక్క మొత్తం నల్లబడింది. మళ్లీ వచ్చిన అక్కను చుట్టాల ముందే అనేశాను.

“చంపినవ్ గదనే అక్కా! నీకు గొర్రెలు తప్ప ఏమెరుక?”

అక్క చేతులు కొంగుకు తుడుచుకుంది.

ఆ వారమే నోటుపుస్తకం తిరగేస్తే, పచ్చి కూజాల మూతలు మాడటం మొదలైంది ఎరువు వేయడానికి పద్దెనిమిది రోజుల ముందని తేలింది. వాన నీళ్లే పోయమని నర్సరీ అతను చెప్పినా, బకెట్లకు తెల్లగా గార కట్టే బోరు నీళ్లు పోసింది నేను. పదకొండింటిలో ఏడు ఎరువు పడకముందే మాడాయి. ఆ మాట అక్కకు చెప్పలేదు.

ఇప్పుడు ఫోన్‌లో నొక్కితే అలాంటి మొక్క గుమ్మంలోకే వస్తుంది. అక్కా వస్తుంది, కానీ ఒకప్పుడు రాగానే నా కుండీలన్నిటిలో మట్టి గుల్లచేసిన మనిషి, ఇప్పుడు బాల్కనీ గడప దాటకుండా, చేతులు వెనక్కి పెట్టుకుని చూసి వెళ్తుంది.

చివరి పేజీలో అప్పుడు రాసుకున్నది అలాగే ఉంది: అక్కకు ఇవ్వాల్సిన పిలక, ఒకటి. దాని కింద మొన్న ఇంకో వరుస చేర్చాను: నేను మాడ్చి అక్క మీద వేసిన కూజాలు, ఏడు.